వాసన ఎప్పుడొస్తోంది?

మైత్రీవనం దాటి పంజాగుట్ట వైపు వస్తుంటే కారులో రబ్బరు కాలిన వాసన గుప్పుమంది. నాన్నకి బీపీ చూపించడానికి నిమ్స్‌కి వెళ్తున్నాం. బండి నాన్నది, పన్నెండేళ్ళ నాటి చిన్న కారు. డాలస్ నుంచి దిగి అప్పటికి మూడు రోజులే.

“నాన్నా, ఏదో కాలుతోంది.”

“బయటిదేమోరా” అన్నారు నాన్న, అద్దంలోంచి మెట్రో స్తంభాలు చూస్తూ.

అద్దం దింపి చూశాను. బయట ఆటోల పొగే తప్ప ఈ వాసన లేదు. మొదటి అనుమానం నా ఎడమ కాలి మీదే. ఏళ్ళ తరబడి ఆటోమేటిక్ బళ్ళు నడిపినవాణ్ణి. అమీర్‌పేట ట్రాఫిక్‌లో అడుగడుగునా హాఫ్ క్లచ్‌లో నిలబెడితే క్లచ్ ప్లేటు కాలుతుంది. కానీ ఆ వాసన వేరు. కాగితం మాడినట్టు ఘాటుగా వస్తుంది, కాలు తీసి కాసేపు ఊరుకుంటే తగ్గిపోతుంది. ఇది తగ్గడం లేదు. హ్యాండ్ బ్రేక్ చూశాను, దించే ఉంది.

నిమ్స్ దగ్గర బండి ఆపి నాలుగు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టి చూశాను. ఏదైనా బ్రేకు పట్టేసి ఉంటే ఆ ఒక్క చక్రం మిగతావాటి కన్నా వేడిగా ఉండాలి. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. వంగి సైలెన్సర్ పైపు కింద కూడా చూశాను, రోడ్డు మీది పాలిథిన్ సంచి అంటుకుని కరుగుతోందేమోనని. ఏమీ లేదు. వైర్లు కాలితే ప్లాస్టిక్ కమురు వాసన ముక్కుని కోస్తుంది. అదే అయితే ఇక నడపకూడదు, బండి పక్కకి తీసి, ఆపేసి, దిగిపోవాలి. ఇది అదీ కాదు. తిరిగొచ్చేటప్పుడు ఉక్కగా ఉన్నా ఏసీ ఆపాను. వాసన సగం తగ్గింది.

అమీర్‌పేటలో నాకు మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ మాత్రమే బాగా తెలుసు. అక్కడ కోర్సు నేర్చుకుని విమానం ఎక్కిన వేలమందిలో నేనొకణ్ణి. ఆ వెనక సందుల్లో మెకానిక్ షెడ్లు ఉంటాయని అప్పట్లో పట్టించుకోలేదు. నాన్నే దారి చూపించారు.

మెకానిక్ బానెట్ ఎత్తలేదు. “వాసన ఎప్పుడొస్తుంది సార్?” అని అడిగాడు. ఎక్కణ్ణుంచి అని కాదు, ఎప్పుడు అని. చెప్పాను. “ఏసీ ఎయ్యుండ్రి” అన్నాడు. వెయ్యగానే ముందు నుంచి కీచుమని చప్పుడొచ్చింది. ఇంజన్ ఆపించి, బానెట్ ఎత్తి, బెల్టు నడిమధ్య బొటనవేలితో నొక్కాడు. తర్వాత బెల్టు ఊడదీసి లోపలి వైపు తిప్పి నా ముందు పెట్టాడు. గరుగ్గా ఉండాల్సిన గాడులు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. ఒకచోట అంచు కరిగి ముద్దకట్టింది.

బెల్టు మార్చేస్తే సరిపోతుందనుకున్నాను. అతను ఒక్కొక్క పుల్లీనీ చేత్తో తిప్పుతూ పోయాడు. ఆల్టర్నేటర్ హాయిగా తిరిగింది. బెల్టుని బిగువుగా ఉంచే చిన్న పుల్లీ దగ్గరికొచ్చేసరికి గరగరమని సగంలో ఆగిపోయింది. “బేరింగ్ పోయింది సార్. పుల్లీ తిరగదు, బెల్టు దాన్ని రాసుకుంట పోతది. ఏసీ ఏస్తే బరువెక్కువ, ఇంకింత కాలుతది. బెల్టొక్కటే మారిస్తే వారంల మల్ల గిదే వాసన.” వాటర్ పంపునీ తిప్పేది ఆ బెల్టే. అది దారిలో తెగి ఉంటే చార్జింగ్ ఆగిపోయేది, ఇంజన్ కాగిపోయేది.

రెండూ మార్చాడు. చేతులు తుడుచుకుంటూ, పుల్లీ చుట్టూ కాటుకలా పేరుకున్న నల్లటి రబ్బరు పొడి చూపించాడు. “ఇది ఇయ్యాల్టిది కాదు సార్. నెల దాటింది. పెద్దసారు రోజూ నడుపుతరు గదా, వాసన రాలేదా?”

స్టూలు మీద కూర్చున్న నాన్న సందు చివరికి చూస్తున్నారు.

పాత బెల్టు కాగితంలో చుట్టించుకుని ఇంటికి తెచ్చాను. నాన్న ముక్కు దగ్గర పెట్టాను. ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి ఇంగువ డబ్బా తెచ్చి, ఆయన్ని కళ్ళు మూసుకోమని, మూత తీశాను. నాకే ముక్కుపుటాలు అదిరాయి. నాన్న కళ్ళు మూసుకునే అన్నారు, “డబ్బా చప్పుడుని బట్టి చెప్పమంటావా?”

కరోనా అప్పుడు పోయిందట. వస్తుందిలే అనుకున్నారట. చెప్పేంత పెద్ద విషయం కాదనుకున్నారట.

ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో బీపీ అడిగాను, షుగర్ అడిగాను, మోకాళ్ళు అడిగాను. వాసన తెలుస్తోందా నాన్నా అని ఒక్కసారీ అడగలేదు. అమ్మ పోయాక ఆ ఇంట్లో స్టవ్ వెలిగించేది ఆయనొక్కరే. వంట గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలనే అందులో మెర్‌కాప్టన్ అనే కంపు పదార్థం కలుపుతారు. ఆ ఏర్పాటంతా ముక్కు పనిచేసేవాళ్ళ కోసం.

ఆ సాయంత్రం స్టవ్ వెనక టార్చి వేసి రబ్బరు పైపు చూశాను. దాని మీద అచ్చేసిన సంవత్సరం చదివితే గడువు దాటి రెండేళ్ళయింది. ఆ పైపులు ఐదేళ్ళకోసారి మార్చాలి. మర్నాడు కొత్త పైపు వేయించాను. గ్యాస్ లీకైతే మోగే అలారం నేలకి జానెడు ఎత్తులో బిగించాను, వంట గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి కిందికే దిగుతుంది. ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాను. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. రోజూ లవంగం, నిమ్మ తొక్క పీల్చే సాధన ఒకటి చెప్పారు.

ఇప్పుడు డాలస్‌లో రోజూ నాకు ఉదయం పదకొండవుతుండగా ఫోన్ టింగుమంటుంది. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. నాన్న పడుకోబోయే ముందు రెగ్యులేటర్ ఆఫ్ చేసి ఫోటో తీసి పంపుతారు. ఒక్కోసారి అందులో ఆయన బొటనవేలు అడ్డొస్తుంది. మళ్ళీ తియ్యమంటాను. తీస్తారు.