కల్లవార్తల తరగతి

లండన్ నగరపు తూర్పుభాగమున ఈస్ట్‌హామ్ అను ప్రాంతము కలదు. తమిళులు, మలయాళులు, బంగ్లాదేశీయులతోపాటు తెలుగువారును అచ్చట పెక్కండ్రు నివసించుచున్నారు. అచటి వయోజన విద్యాశాల యొకదానియందు, పరదేశములనుండి వచ్చి స్థిరపడినవారికి సాయంకాలములయందు ఆంగ్లము బోధింతురనియు, అందొక తరగతికి కల్లవార్తల హాస్యమే పాఠ్యగ్రంథమనియు మా బంధువులామె చెప్పగా, జీవితమున అధికభాగము ఆంగ్లబోధనమునందే గడపిన నాకు దానిని కన్నులార చూడవలెనను కోరిక జనించెను. ఉపాధ్యాయురాలి అనుమతి వడసి, ఒక సాయంకాలము వెనుకబల్లపై కూర్చుంటిని. విద్యార్థులలో సోమాలియానుండి వచ్చిన అన్నదమ్ములు, రుమేనియా దేశపు వడ్రంగి, వృద్ధుల సంరక్షణాలయమున పనిచేయు తెనాలి యువతి మున్నగువారుండిరి.

మొదట దీపములార్పి, 1957 ఏప్రిల్ 1వ తేదీన బి.బి.సి. వారు ‘పనోరమా’ కార్యక్రమమున ప్రసారము చేసిన చిన్న చిత్రమొకటి చూపిరి. స్విట్జర్లండునందలి టిచినో ప్రాంతమున స్త్రీలు చెట్లకొమ్మలకు వ్రేలాడు స్పగెట్టి పోగులను కోసి, ఎండలో ఆరబెట్టుచుందురు. రాణీ ఎలిజబెత్ పట్టాభిషేకమునకు వ్యాఖ్యానము చెప్పిన రిచర్డ్ డింబుల్‌బీ, అదే గంభీరకంఠముతో, చలి తీవ్రత లేకపోవుటచేతను, స్పగెట్టి పురుగు దాదాపు అంతరించుటచేతను ఈ యేడు పంట విరివిగా పండినదనియు, పోగులన్నియు నొక్క పొడవున పెరుగుట తరతరముల కృషి ఫలితమనియు వివరించును. నాటి బ్రిటనులో ఆ పిండివంటకమును డబ్బాలలో తప్ప ఎరుగనివారే యెక్కువ. కావున నమ్మినవారును మెండు. మొక్కను పెంచు విధానమెట్టిదని టెలిఫోనుద్వారా అడిగినవారికి, టమాటా రసపు డబ్బాలో నొక పోగు నాటి, ఆపై భాగ్యమును నమ్ముకొనుడని బదులిచ్చిరట.

‘వీవిల్’ అనుమాట వినబడినచోట ఉపాధ్యాయురాలు చిత్రమును నిలిపెను. ఆ పదము ఎవ్వరికిని తెలియదు. ఆమె అర్థము చెప్పలేదు, “ఇది నశించినచో ఎవరు సంతోషింతురు?” అని మాత్రము ప్రశ్నించెను. రైతు అని యొకరు, చెట్టు అని యొకరు పలుకుచుండగా, తెనాలి యువతి చటాలున నావైపు తిరిగి, “మన బియ్యం డబ్బాలో ముక్కుపురుగు కదండీ, బాబాయిగారూ!” అనెను. ఆ వెంటనే లేచి, నల్లబల్లపై పొడుగాటి ముక్కుగల చిన్న పురుగును గీసి, బియ్యపు గింజ నది తొలుచు విధమును వచ్చిన ఆంగ్లములోనే వివరించెను. అప్పుడు గాని తరగతి నవ్వలేదు. నిఘంటువు చూచి వ్రాసికొన్న అర్థము సరిగా మనసున కెక్కినదో లేదో గురువునకు తెలియదు. లేని చెట్టును పట్టు పురుగు నశించెనను మాటకు నవ్విన విద్యార్థికి మాత్రము అర్థము తెలిసినదనుటలో సందేహము లేదు. నవ్వు అప్రయత్నముగా వచ్చును, కావున దానిని మించిన పరీక్ష లేదని నేను నమ్ముచున్నాను.

తరువాతి పాఠము 1977 ఏప్రిల్ 1న గార్డియన్ పత్రిక ప్రకటించిన ‘శాన్ సెరిఫ్’ ద్వీపములనుగూర్చి. ఏడు పుటల అనుబంధములో ఆ దేశపు చరిత్ర, వాణిజ్యము, విహారస్థలములు సవిస్తరముగా వర్ణితములయ్యెను. పటములో ద్వీపములు రెండును కలిసి సెమికోలన్ ఆకృతి దాల్చును, అప్పర్ కైస్, లోయర్ కైస్ అనునవి వాని పేరులు, రాజధాని బొడోని, పాలకుడు జనరల్ పైకా. ఇవన్నియు ముద్రణాలయపు మాటలే. మన అచ్చాఫీసులలో కంపోజిటర్లు సీసపు అక్షరములుంచు అరలపెట్టెను ‘కేసు’ అనియు, అక్షరపు కొలతను ‘పైకా’ అనియు వ్యవహరించుట విన్న నాకు ఆ పుటలు పరమానందము కలిగించెను. ‘సాన్ సెరిఫ్’ అనబడు తోక లేని అక్షరమునకును, తోకగల అక్షరమునకును గల భేదమును వడ్రంగి వ్రేలితో తడవి చూచి, తన చెక్కపనిలోని అంచులతో పోల్చుకొని, ఆ ముద్రణపదములను పుస్తకమున కెక్కించుకొనెను.

ఈ హాస్యరీతి నిన్న మొన్నటిది కాదు. జోనథన్ స్విఫ్ట్ 1708లో ఐజక్ బికర్‌స్టాఫ్ అను మారుపేరుతో, పార్ట్రిడ్జ్ అను పంచాంగకర్త మార్చి 29న మరణించునని జోస్యము చెప్పి, ఆ దినము గడచిన పిదప మరణవార్తను సైతము ప్రకటించెను. తాను సజీవుడనని ఆ పంచాంగకర్త మొరపెట్టుకొనవలసి వచ్చెను. ఆ బికర్‌స్టాఫ్ పేరునే గ్రహించి రచయిత స్టీల్ 1709లో ‘టాట్లర్’ పత్రికను నెలకొల్పెను; దాని వెనుక 1711లో ‘స్పెక్టేటర్’ వెలసెను; ఆ ఒరవడిని చూచియే మన పానుగంటివారు ‘సాక్షి’ని సృష్టించిరి. ఈ పరంపరను తలచుకొన్నపుడు, ఆ తరగతిలో నేను పరాయివాడనను భావము నాకు కలుగలేదు.

పిదప విద్యార్థులు తామే యొక కల్లవార్తను కూర్చిరి. లండనులోని ట్రఫాల్గర్ కూడలిలో పావురములకు గింజలు చల్లుట 2003లో నిషేధింపబడినది గదా, దానికి నిరసనగా పావురములు సంఘముగా నేర్పడి సమ్మెకు దిగినట్లు వ్రాసిరి. పావురముల ప్రతినిధి ‘సెడ్’ అని సోమాలియా సోదరులు వ్రాయగా, ఉపాధ్యాయురాలు దాని క్రింద ‘క్లెయిమ్‌డ్’, ‘అడ్మిటెడ్’, ‘ఇన్సిస్టెడ్’ అని మూడు మాటలు పేర్చి, ఒక్కొక్కదానిని వాక్యమునందుంచి చదివించెను. మొదటిదానిలో మాటకు నమ్మిక లేదు, రెండవదానిలో నేరము ఒప్పుకొన్న ధ్వని యున్నది, మూడవదానిలో పంతమున్నది. వార్తాపత్రికలు చదువరి మనస్సును త్రిప్పునది ఇట్టి క్రియాపదములతోనే. ఆ కీలు పట్టువడినవాడు సత్యవార్తనైనను జాగ్రత్తగానే చదువును.

సోదరులలో చిన్నవాడు ఒక సంశయము వెలిబుచ్చెను. తన ఫోనునకు వచ్చు సందేశములపై ఏప్రిల్ 1 అని వ్రాసి యుండదనియు, వానిని నమ్మి తన తల్లి ఎన్నియో నిద్రలేని రాత్రులు గడపినదనియు అతడు చెప్పునప్పుడు నవ్వు మాయమయ్యెను. ఉపాధ్యాయురాలు దానిని తేలికగా త్రోసిపుచ్చలేదు. 2012లో అమెరికాలోని ‘ఆనియన్’ హాస్యపత్రిక ఉత్తరకొరియా పాలకుని అందగాండ్రలో మేటిగా ఎన్నుకొనగా, చైనాలోని పీపుల్స్ డెయిలీ వారి అంతర్జాల పత్రిక దానిని నిజముగా గ్రహించి 55 ఛాయాచిత్రములతో ప్రచురించిన సంగతి చెప్పి, పండితులును మోసపోయిరని అతని నూరడించెను. అటుపిమ్మట రెండు వార్తాఖండములను పంచి, ఏది కల్లయో తేల్చుడనెను. ఒకటి పావురముల సమ్మె. రెండవది, ట్రఫాల్గర్ కూడలిలో పావురములను బెదరించుటకై నగరపాలకులు డేగలను నియమించిరనునది. రెండును కల్లలేయని తరగతి యావత్తు చేతులెత్తెను. డేగల సంగతి నిజము. ఏ మాటలను చూచి మీరు దానిని నమ్మలేదో వాని క్రింద గీతలు గీసికొని రండని పలికి, ఆమె ఆనాటి పాఠమును ముగించెను.