కొలిచి కొన్న ఇల్లు



ఇల్లు కొనేటప్పుడు మనం ఎన్నో విచారిస్తాము. నీళ్ళు పడతాయా, బడి దగ్గరా, బజారు ఎంత దూరం అని అడుగుతాము. కాని నేల ఎంత ఉన్నదో కొలిపించి చూసేవారు తక్కువ. నేనూ చూడలేదు. ఆ పొరపాటు వలన ఒక మంచి పొరుగువానితో అయిదేళ్ళు మాటలు లేకుండా పోయాయి.

దుబ్బాకలో మేము కొన్న ఇంటి దస్తావేజులో తూర్పు పడమరలు 40 అడుగులు, ఉత్తర దక్షిణాలు 45 అడుగులు, మొత్తం 200 గజాలు అని ఉన్నది. అమ్మినవారు తెలిసినవారే. రిజిస్ట్రేషను కూడా అయింది గనుక ఇంక భయం లేదనుకున్నాను. అయితే రిజిస్ట్రేషను కార్యాలయంలో మనం రాయించుకొని వెళ్ళిన దస్తావేజును నమోదు చేస్తారే గాని, టేపు పట్టుకొని మన జాగా కొలవడానికి ఎవరూ రారు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్ళ తరువాత ప్రహరీ గోడ మొదలుపెట్టాము. మేస్త్రీ తూర్పు సందు నుండి 40 అడుగులు లాగి ముగ్గు పోశాడు. పడమటి ఇంటాయన వచ్చి, "అన్నా, ఇది మా జాగలకు వస్తున్నది" అన్నాడు. నేను దస్తావేజు చూపించి గోడ లేపాను. మేమిద్దరం ఒకే సంఘంలో, ఒకే వరుసలో కూర్చునేవారము. ఆ తరువాత ఆదివారం ఆయన వెనుక వరుసకు వెళ్ళిపోయాడు.

చివరకు సర్వేయరును పిలిపించాము. ఆయన పాత దస్తావేజులన్నీ వరుసగా చదివి, ఇరుపక్కల ఇళ్ళు కూడా కొలిచాడు. మాకున్నది 36 అడుగులే, అంటే 180 గజాలు. ఎప్పుడో తూర్పున సందుకోసం నాలుగడుగులు విడిచారు. దస్తావేజులలో మాత్రం పాత కొలతనే దింపుకుంటూ వచ్చారు. నేను గోడ కట్టిన నాలుగడుగులు పొరుగువానివే! పొరుగువాని సరిహద్దు రాయి జరపకూడదన్న ద్వితీయోపదేశకాండములోని ఆజ్ఞను చిన్ననాటి నుండి విన్నవాణ్ణి. జరిపినవాణ్ణి నేనే అయ్యాను. గోడ నా ఖర్చుతోనే తీయించి, ఆయన ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆయన తిరిగి మా వరుసలోకి రావడానికి మరొక క్రిస్మసు పట్టింది.

ఇది జరిగిన కొంతకాలానికి మా బావ ఇల్లు కొనవలసి వచ్చింది. వారిది తొగుట మండలం వేములఘాట్. 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం కింద ఆ ఊరు మునిగిపోయింది. జలాశయాన్ని 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. పుట్టిన ఇల్లు, దున్నిన పొలం పోగా చేతికి వచ్చిన పరిహారమే ఆయన ఆస్తి అంతా. దుబ్బాకలో మా దగ్గర ఒక పాత ఇల్లు బేరం చేశాడు.

"కొలిపించినవా బావా?" అని అడిగాను.

"తెలిసినోళ్ళే గదా బామ్మర్దీ. కొలిపిస్తే వాళ్ళను అనుమానించినట్టుంటది" అన్నాడు.

నేను యిర్మీయా సంగతి గుర్తు చేశాను. అనాతోతు పొలం అమ్మినవాడు ఆయన సొంత పినతండ్రి కుమారుడే. అయినా వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల ఎదుట క్రయపత్రం రాయించాడు, దాన్ని మట్టికుండలో భద్రం చేయించాడు. ఆ క్రమం వలన వారి బంధుత్వానికి లోటు వచ్చిందా?

బావ ఒప్పుకున్నాడు. లైసెన్సు ఉన్న సర్వేయరు వచ్చాడు. అమ్మేవారిని, నాలుగు వైపుల ఇళ్ళవారిని నిలబెట్టి కొలిచాడు. దస్తావేజులో ఉన్న దానికంటే 14 గజాలు తక్కువ వచ్చింది. ఈ సంగతి అమ్మేవారికే తెలియదు. ఆ మేరకు ధర తగ్గించి, నిజమైన కొలతలు, హద్దులతో కొత్త దస్తావేజు రాయించారు. ఇంటిని చూడడానికి ఒక ఇంజనీరును కూడా పిలిచాము. వెనుక గదిలో సున్నం వెనుక దాగిన బీటను ఆయన చూపించాడు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది గనుక పునాది సంగతి చూడనిదే కొనవద్దన్నాడు. ఆ మరమ్మతు ఖర్చు కూడా బేరంలో తీసివేశారు.

ప్రియులారా, బయానా ఇవ్వక ముందే ఈ పనులు చేయండి. లింకు దస్తావేజులు, ఈసీ తెప్పించండి. ఈసీలో రిజిస్టరు అయిన లావాదేవీలే కనబడతాయి. నేల మీద కొలత అందులో దొరకదు. పొలమైతే మీసేవలో దరఖాస్తు పెట్టి కొలిపించుకోండి. గుంట అంటే 121 గజాలని, 40 గుంటలు ఎకరమని పిల్లలకు కూడా నేర్పండి. గ్రామకంఠంలోని పాత ఇల్లయితే ఇంటి పన్ను రశీదుతో తృప్తిపడక, పొరుగువారి దస్తావేజులతో కూడా సరిచూసుకోండి. కొలిచిన పటం మీద వారి సంతకాలు తీసుకోండి. సర్వేయరుకు ఇచ్చే రుసుము కోర్టు చుట్టూ తిరిగే ఖర్చు ముందు ఎంత?

బావ ఇల్లు కొలిచిననాడు టేపు ఒక కొన నేను పట్టుకున్నాను. రెండవ కొన పట్టుకున్నది మా పడమటి ఇంటాయనే.