నల్ల అట్ట రికార్డు

మా నార్కట్‌పల్లి చుట్టుపక్కల ఊళ్లలో మనిషి చప్పుడు లేకుండా కాటికి పోడు. పాడె ముందర డప్పులు నడుస్తాయి. గడ్డి మంట వేసి తోలు కాగబెడతారు, కాగినకొద్దీ మోత బిగుస్తుంది. కుడిచేత చిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల ఆడితే హైవే మీది లారీల హోరు కూడా చిన్నబోతుంది. పోయింది నిండు బతుకు బతికిన ముసలాయన అయితే మనుమలు ఎగిరి దుంకుతారు. దింపుడు కల్లం దగ్గర పాడె దించి, చెవిలో పేరు పెట్టి పిలుస్తారు. లేవడని తెలిసీ పిలుస్తారు. తర్వాత దరువు మళ్లీ మొదలు. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు కొందరు ఇది చూసి మొహం చిట్లిస్తారు. దుఃఖమంటే తల వంచుకుని నెమ్మదిగా ఉండాలని వాళ్ల లెక్క. నేను ఒప్పుకోను.

రాక్ బృందం ఏసీ/డీసీ వాళ్ల ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ రికార్డు మీద నాకింత ప్రేమ ఉండటానికి కారణం ఇదే. దాన్ని పార్టీల్లో పెట్టుకునే రికార్డుగానే చాలామంది ఎరుగుదురు. నాకు మాత్రం అది పాడె ముందరి డప్పు.

1980 ఫిబ్రవరి 19న ఆ బృందం గాయకుడు బాన్ స్కాట్ లండన్‌లో చనిపోయాడు. 33 ఏళ్లు. రాత్రి బాగా తాగి కారులో పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. అంతకు ముందు ఏడాదే ‘హైవే టు హెల్’తో అమెరికాలో వాళ్లకు పేరొచ్చింది. పోవడానికి కొద్ది రోజుల ముందు, అన్నదమ్ములు మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ కొత్త బాణీలు కట్టుకుంటుంటే బాన్ వచ్చాడు. పాడలేదు, డ్రమ్స్ ముందు కూర్చుని వాయించాడు. కుర్రతనంలో అతను డ్రమ్మరే. ఈ ముచ్చట తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. రికార్డులో అతని గొంతు లేదు గానీ, దానికి పునాది పడుతున్నప్పుడు అతను ఆ గదిలోనే ఉన్నాడు.

ఆస్ట్రేలియాలో అంత్యక్రియలయ్యాయి. బృందాన్ని ఆపొద్దని, ఇంకొకరిని వెతుక్కోమని బాన్ కన్నవాళ్లే చెప్పారు. ఎంత పెద్ద మనసు! అప్పుడు దొరికినవాడు బ్రయాన్ జాన్సన్, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ వైపు మనిషి. అతని పాత బృందం జోర్డీ వెలుగు తగ్గిపోయి, కార్ల పైకప్పులకు వినైల్ తొడుగులు వేసే పని చేసుకుంటున్నాడు. ఏళ్ల కిందట బాన్ అతని పాట విని, వీడు పాడగలడని యంగ్ సోదరులకు చెప్పి ఉన్నాడు. పోయినవాడే రాబోయేవాడి పేరు చెప్పి పోయినట్టయింది.

బహామాస్ దీవుల్లో, నసావు పట్టణంలోని కంపాస్ పాయింట్ స్టూడియోలో ఏప్రిల్, మే నెలల్లో రికార్డింగ్. నిర్మాత మట్ లాంగ్. జూలై 25న రికార్డు విడుదల. చావుకీ విడుదలకీ నడుమ అయిదు నెలలే. అట్ట మొత్తం నలుపు, అది సంతాపానికి. బృందం పేరు కూడా నలుపులోనే కలిసిపోతుంటే కంపెనీ పట్టుబట్టి అక్షరాల చుట్టూ బూడిదరంగు గీత గీయించింది.

మొదట వినిపించేది గంట. మా దగ్గర చెర్వుగట్టు గుడికి గుట్టెక్కేవాళ్లకు గంట అంటే దేవుడికి తమ రాక చెప్పుకునేది. ఇంగ్లండ్‌లో చర్చి గంట ఊరికి చావు కబురు కూడా చెబుతుంది. లాఫ్‌బరో ఊళ్లోని యుద్ధ స్మారక గోపురం గంటను రికార్డు చేయబోతే, అందులో చేరిన పక్షుల రెక్కల చప్పుడు అడ్డొచ్చింది. చివరికి ఆ ఊరి ఫౌండ్రీలోనే, తమ కోసం పోత పోయించుకున్న టన్ను బరువు గంటనే మోగించి తీసుకున్నారు. ఆ గంట మీదికి మెల్లగా గిటారు వచ్చి చేరుతుంది. ఫిల్ రడ్ డ్రమ్స్‌లో సోకులు లేవు, మన డప్పుకారుల అడుగులాగే తిన్నగా, బరువుగా పడుతుంది దెబ్బ. మాల్కమ్ గిటారు దాన్ని అంటిపెట్టుకుని నడుస్తుంది. అందరి కళ్లూ బడిపిల్లాడి బట్టల్లో గెంతే ఆంగస్ మీదే ఉంటాయి గానీ, ఈ రికార్డును మోసింది మాల్కమ్ అని నా నమ్మకం.

జాన్సన్ బాన్‌ను అనుకరించలేదు. బాన్ గొంతులో కొంటెతనం ఉండేది, పక్కన కూర్చుని ఊరి కబుర్లు చెబుతున్నట్టు పాడేవాడు. జాన్సన్ గొంతు చీరుకుపోయేంత పైస్థాయిలో కేక పెడతాడు. బాన్ కోసం రాసే పాట ఏడుపుగొట్టుగా ఉండొద్దని, సంబరంలా ఉండాలని అతనికి చెప్పారట. అలాగే రాశాడు. పోయినవాడి స్థానంలో నిలబడి, వాడి స్నేహితుల ముందు, వాడి కోసమే పాడటం ఎంత కష్టమో ఊహించండి. ఆ కష్టం ఆ కేకలో నాకు వినిపిస్తుంది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రికార్డుల్లో ఇదొకటి. లెక్క అయిదు కోట్ల దాకా చెబుతారు.

2017లో మాల్కమ్ కూడా పోయాడు. మతిమరుపు జబ్బు ముదిరి అంతకు ముందే బృందం నుంచి తప్పుకున్నాడు. ఆ చోటులోకి అన్న కొడుకు స్టీవీ యంగ్ వచ్చాడు. 2020లో వచ్చిన ‘పవర్ అప్’ను మాల్కమ్‌కే అంకితమిచ్చారు. అన్నదమ్ములిద్దరూ ఏళ్ల తరబడి కట్టి దాచుకున్న బాణీలను ఆంగస్ వెతికి తీసి పాటలు చేశాడు. పాటలన్నిటి కిందా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మాల్కమ్ చోట గిటారు స్టీవీది, గొంతు మళ్లీ జాన్సన్‌దే.