కోపము – పాపము



కోపమంతయు పాపమేనా? మా కొత్తపేటలో కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత మేము తరచుగా మాటలాడుకొను ప్రశ్న ఇది.

మార్కు సువార్త 3వ అధ్యాయములో, సమాజమందిరమందు మన ప్రభువు కోపించెను. తనకు జరిగిన అవమానమును బట్టి కాదు. ఊచచెయ్యి గలవాని బాధ చూచియు కరగని హృదయములను బట్టి. ఆ కోపములో దుఃఖము కలదు. దాని ఫలము, ఒకని చెయ్యి బాగుపడుట. తన్ను సిలువ వేసినవారిమీద మాత్రము ఆయన కోపింపలేదు. వారి కొరకు క్షమాపణ వేడెను.

మన కోనసీమ రెండు విధములైన కోపములను చూచినది. 2011 ఖరీఫ్‌లో, వరికి గిట్టుబాటు ధర లేక విసిగిన రైతులు నాట్లు మాని పంట విరామము ప్రకటించిరి. ఎవరి ఇల్లును కాలలేదు. ప్రభుత్వము వారి కష్టములు విచారించుటకు కమిటీ వేసినది. 2022 మే 24న, జిల్లాకు డాక్టర్ అంబేద్కర్ పేరు చేర్చుటను ఓర్వని కోపము అమలాపురములో మంత్రిగారి ఇంటికి, శాసనసభ్యుని ఇంటికి నిప్పు పెట్టినది.

మన ఇండ్లలోను ఇంతే. త్రాగివచ్చి భార్యను కొట్టువానిని చూచి కోపము రానియెడల అది సాత్వికము కాదు, పిరికితనము. గట్టుమీది కొబ్బరిచెట్టు కొరకు అన్నదమ్ములు ఏండ్లతరబడి పలుకరించుకొనకుండుట మాత్రము పాపమే. పౌలు కోపమునకు ప్రొద్దు గ్రుంకువరకే గడువిచ్చెను (ఎఫెసీ 4:26).

కోపము వచ్చినప్పుడు అడుగుకొందము: ఇది ఎవరి బాధను గూర్చినది? ఇందులో దుఃఖమున్నదా? దీనివలన ఎవరి చెయ్యి బాగుపడును?

అట్టి వివేకము ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.