కొండమీది బిందె

విజయవాడ నగరమునకు నీటి కొదువ లేదు. నగరమును ఒరసికొని కృష్ణానది ప్రవహించుచున్నది. 1855లో కట్టిన పాత ఆనకట్టకు బదులుగా 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వెలసినది. అచ్చట నిలిచిన నీరు కాలువలలో పారి డెల్టాలోని లక్షల ఎకరములను తడుపుచున్నది. ఆ కాలువలు కొన్ని ఊరి నడుమనుండియే పోవును. అట్టి నగరములో బిందెడు నీటికై తెల్లవారుజామున నూరు మెట్లు దిగు పిల్లలున్నారనిన క్రొత్తవారు వెంటనే నమ్మలేరు. తల యెత్తి కొండలవైపు చూచినచో నమ్ముదురు.

మొగల్రాజపురము, గుణదల, చిట్టినగరు, విద్యాధరపురము మున్నగు ప్రాంతములలో కొండవాలున ఇండ్లు గూళ్లవలె ఒకదానిపై నొకటి కనబడును. రైల్వేపనులకు, సరుకుల మోతకు, భవన నిర్మాణమునకు పల్లెలు విడిచి వచ్చినవారికి మైదానమున చోటు దొరకలేదు. దొరికినను దాని వెల వారికి అందలేదు. బండను పగులగొట్టి, మన్ను చదును చేసి, నాలుగు రేకులు కప్పుకొనుటకు కొండ మిగిలినది. ముందు వచ్చినవారు క్రింద, వెనుక వచ్చినవారు పైన. ఎత్తు పెరిగినకొలది అద్దె తగ్గును. కావున అందరికంటె బీదవాడే అందరికంటె ఎత్తున నుండును.

ఇట్టి చోట్లకు ‘మురికివాడ’ అను పేరు ఎవరు పెట్టిరో గాని, అచ్చటి వారెవరును తమ పేటను ఆ పేరుతో పిలువరు. నగరములోని ఇండ్లు ఊడ్చి, గిన్నెలు తోమి, వీధుల చెత్త నెత్తు చేతులు అనేకము ఆ వాడలలోనివే. 2011 జనాభా లెక్కలలో దేశమునందు ఆరున్నర కోట్ల మంది ఇట్టి వాడలలో నున్నట్లు తేలినది. వారిలో కోటికి పైగా నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని వారే.

కొండపై వరుసలో ఒక ఇంట ఎనిమిదవ తరగతి బాలిక యున్నదనుకొందము. తండ్రి మార్కెట్టులో హమాలీ, చీకటితోనే బయలుదేరును. తల్లి నాలుగిండ్లలో పాచిపని చేయును. ఆమెయు ప్రొద్దు పొడువకముందే దిగవలెను. ఇంట ముసలి నాయనమ్మ, చిన్న తమ్ముడు. కుళాయి క్రింది వరుసలో నున్నది. పంపులతో కొండమీదికి నీరెక్కించినను, ఎత్తు పోయినకొలది ధార సన్నగిలును. నీరు వచ్చు కొద్దిసేపటిలోనే వరుసలో నిలువవలెను, పట్టుకొనవలెను, ఎక్కవలెను. ఆ పని ఎవరిది? ఇంట మిగిలిన పెద్దపిల్లదే.

లెక్క తెలిసిన విద్యార్థులు ఇచ్చట కొంచె మాగవలెను. నగరములలో మనిషికి దినమునకు 135 లీటర్ల నీరు కావలెనని ప్రభుత్వపు ప్రమాణము. ఐదుగురికి 675 లీటర్లు. బిందెకు 15 లీటర్లు పట్టునన్నచో 45 బిందెలు. ఏ బాలిక నలుబదియైదు మారులు కొండ యెక్కగలదు? పది బిందెలతో ఆ ఇల్లు దినము గడుపును. బియ్యము కడిగిన నీటితో గిన్నెలు తొలుపుదురు. గుడ్డలు ఆదివారమునకు ఆగును. స్నానము చెంబులతో లెక్కింపబడును. ప్లాస్టిక్ బిందెలు వచ్చిన పిమ్మట బిందె బరువు తగ్గినది గాని, నీటి బరువు తగ్గలేదు. పది బిందెలనగా నూటయేబది కిలోలు ఆ పిల్ల నడుముపై కొండ యెక్కినవన్నమాట.

పిమ్మట జడ వేసికొని, తమ్ముని సిద్ధము చేసి, వాని చేయి పట్టుకొని మరల ఆ మెట్లే దిగి బడికి పోవును. మొదటి గంట అప్పటికి సగమైనది. ఆలస్యమేలనని ఉపాధ్యాయు డడుగును. ‘నీళ్లండీ’ అను ఒక్కమాటతో ఆమె సమాధానము ముగియును. ఆ మాట వెనుకనున్న మెట్లను లెక్కింపక, సోమరితనమని వ్రాసికొనిన ఉపాధ్యాయులును కలరు. విద్యాహక్కు చట్టపు నియమములను బట్టి ఐదవ తరగతి వరకు బడి కిలోమీటరు లోపల, ఎనిమిదవ తరగతి వరకు మూడు కిలోమీటర్ల లోపల ఉండవలెను. ఆ బాలిక బడి అంతకంటె దగ్గరనే యున్నది. పటముమీది దూరమునకు మెట్ల సంగతి తెలియదు.

ఆ మెట్లమీద ఎక్కవలసినది నీరు మాత్రమే కాదు. గ్యాసుబండ యెక్కవలెను, బియ్యపు మూట యెక్కవలెను. పురిటినొప్పులు వచ్చిన తల్లిని కుర్చీలో కూర్చుండబెట్టి నలుగురు మోసికొని దిగవలెను. మోకాళ్లు నొచ్చు ముసలివారు ఏండ్ల తరబడి దిగనే దిగరు. నది, బ్యారేజి, రైళ్లు, ఊరంతయు వారి గుమ్మమునుండి కనబడును, ఒక్కటియు అందదు.

అన్నిటికంటె భయము వానకాలము. తాగుటకు రాని నీరు అప్పుడు అడుగకయే వచ్చును. వాన నానిన మన్ను జారును. దానితో బండలు కదలును. 2024 ఆగస్టు 31న కుండపోత వానకు మొగల్రాజపురమున కొండచరియ విరిగి ఇండ్లపై పడగా ప్రాణములు పోయినవి. అదే వానకు బుడమేరు పొంగి, మరునాటికి సింగునగరు నీట మునిగినది. బీదలకు దొరకిన ఎత్తునేలపై రాయి పడినది. వారికి దొరకిన పల్లపునేలను ఏరు ముంచినది. అట్టి రాత్రులలో కొండమీది తల్లులు పిల్లలను గోడప్రక్కన పరుండనీయరు. గుమ్మమువైపు పరుండబెట్టి తాము మేలుకొని యుందురు.

ఏమియు జరుగలేదనుట సరికాదు. మట్టిదారులున్న చోట్ల సిమెంటు మెట్లు వచ్చినవి, దీపములు వచ్చినవి, కొన్నిచోట్ల అడ్డుగోడలు లేచినవి, అనేక వరుసలకు కుళాయిలు పోయినవి. కుళాయి ముంగిటికి వచ్చిన ఇంటి పిల్ల మొదటి గంట మ్రోగునప్పటికి బడిలో నుండును. దానికి పైవరుసలోని పిల్ల అప్పటికింకను, బిందె నొక మెట్టుపై దించి, చేయి మార్చుకొనుచుండును.