జైపూర్‌లో ఉమ్మడి టిక్కెట్టు: లాభమెవరికి?

2023 జనవరి. జైపూర్‌లో హవామహల్ టిక్కెట్ల కిటికీ ముందు అప్పటికే వరుస ఏర్పడింది. కాకినాడ నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉద్యోగి కళ్ళజోడు సవరించుకుని ధరల పట్టికను రెండుసార్లు చదివారు. పక్కన భార్య, సంక్రాంతి సెలవులకు వెంట వచ్చిన మనుమరాలు. చేతిలో ఉన్నవి రెండు రోజులు.

పట్టికలో ఉమ్మడి టిక్కెట్టు ఆకర్షణీయంగానే ఉంది. ఒకసారి కొంటే రెండు రోజులపాటు ఎనిమిది చోట్ల ప్రవేశం: అంబర్ కోట, జంతర్ మంతర్, హవామహల్, నాహర్‌గఢ్ కోట, ఆల్బర్ట్ హాల్ ప్రదర్శనశాల, ఈసర్‌లాట్ గోపురం, సిసోదియా రాణి తోట, విద్యాధర తోట. భారతీయులకు ధర 300 రూపాయలు.

విడివిడిగా కొంటే? అంబర్‌కు 100, జంతర్ మంతర్, హవామహల్, నాహర్‌గఢ్‌లకు తలా 50, ఆల్బర్ట్ హాల్‌కు 40. ప్రసిద్ధమైన ఈ ఐదింటికీ కలిపి 290 రూపాయలు. అంటే ఐదూ చూసినా ఉమ్మడి టిక్కెట్టు వల్ల పది రూపాయలు నష్టమే. ఆరవది చూస్తేనే లాభం మొదలవుతుంది.

విదేశీయుల లెక్క వేరు. వారి ఉమ్మడి టిక్కెట్టు 1,000 రూపాయలు. విడిగా అంబర్‌కు 500, జంతర్ మంతర్, హవామహల్, నాహర్‌గఢ్‌లకు తలా 200. నాలుగింటికే 1,100 అవుతుంది. ఇక గుర్తింపు కార్డు చూపగల భారతీయ విద్యార్థికి ఎనిమిదీ కలిపి 40 రూపాయలే. మనుమరాలి విషయంలో తాతగారు క్షణమైనా ఆలోచించలేదు. సందేహమంతా తమ ఇద్దరి గురించే.

"ఏమండీ, రెండు రోజుల్లో ఇన్ని కోటలు నా మోకాళ్ళు ఎక్కగలవా?" అన్నారామె. ధరల పట్టికలో లేని లెక్క అది.

అంబర్ నగరానికి 11 కిలోమీటర్ల దూరంలో, కొండమీద ఉంది. దానికి ఒక పూట పూర్తిగా కావాలి. నాహర్‌గఢ్ నగరానికి ఎదురుగానే కనిపిస్తుంది కాని, వాహనంలో వెళ్ళాలంటే కొండలు చుట్టుకుని పోవాలి. పైగా రాజవంశీయుల ఆధీనంలోని సిటీ ప్యాలెస్, జయగఢ్ కోట ఈ టిక్కెట్టు పరిధిలోకి రావు. వాటికి వేరే రుసుము చెల్లించాలి. కొన్న టిక్కెట్టు వృథా కాకూడదనే ఆరాటంలో అలాంటివి వదులుకుని, అంతగా ఆసక్తి లేనివాటికి పరుగెత్తే యాత్రికులు తక్కువేమీ కాదు. అయితే ప్రతి ద్వారం వద్దా కొత్తగా వరుసలో నిలబడే శ్రమ తప్పుతుందన్నది ఉమ్మడి టిక్కెట్టుకున్న నిజమైన సౌలభ్యం. రద్దీ కాలంలో అది చిన్న విషయం కాదు.

తాతగారు ఇద్దరికీ హవామహల్ టిక్కెట్లు మాత్రమే తీసుకున్నారు. 1799లో సవాయి ప్రతాప్‌సింగ్ కట్టించిన ఆ అయిదంతస్తుల మేడలో పైకి వెళ్ళేందుకు చాలావరకు మెట్లకు బదులు ఏటవాలు దారులే ఉన్నాయి. ఆమె తీరికగా నడిచి, జాలీ కిటికీల వెనుక కూర్చుని వీధిని చూశారు.

మధ్యాహ్నం జంతర్ మంతర్. ఎండ లేనిదే ఇక్కడి యంత్రాలు చాలావరకు మూగవి. అందుకే ఆ వేళకు వచ్చారు. సవాయి జయసింగ్ 18వ శతాబ్దంలో నిర్మించిన సమ్రాట్ యంత్రం ఎత్తు సుమారు 27 మీటర్లు. దాని నీడ సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. మనుమరాలు నీడ అంచున వేలు పెట్టి, అది వేలిని దాటే వరకు కదలలేదు.

"తాతయ్యా, నీ గడియారం అరగంటకు పైగా ముందుంది!"

తప్పు గడియారానిది కాదు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడకు సమీపంగా పోతుంది. జైపూర్ దానికి పశ్చిమంగా ఉండటం వల్ల అక్కడి సూర్యకాలం సగటున 27 నిమిషాలు వెనుక. ఋతువును బట్టి ఆ అంతరం పావుగంట దాకా హెచ్చుతగ్గులవుతుంది. తాతగారు ఇంటి దగ్గరి కాలాన్ని ముంజేతికి కట్టుకుని వచ్చారన్నమాట. ఈ ముచ్చటతో అక్కడే గంటన్నర గడిచింది.

మరునాడు అంబర్. సాయంత్రం మనుమరాలు తన టిక్కెట్టుతో ఆల్బర్ట్ హాల్‌లోకి వెళ్ళింది. దంపతులు రామ్‌నివాస్ తోటలో కూర్చున్నారు. నాహర్‌గఢ్ చూడనే లేదు.

ధరలు మారుతూ ఉంటాయి; ప్రయాణానికి ముందు తాజా పట్టిక చూసుకోవాలి. కాని లెక్క వేసే పద్ధతి ఏ నగరంలోనైనా ఒక్కటే: టిక్కెట్టు లేకపోయినా ఎక్కడెక్కడికి వెళ్ళేవారమో ముందు రాసుకోవాలి, ఒంట్లో ఓపికను బట్టి అందులో కొన్ని కొట్టివేయాలి, మిగిలినవాటి రుసుము కూడి, ఆ తరువాతే ఉమ్మడి ధరతో పోల్చాలి.

ఆ దంపతులకు తలా 200 రూపాయలు ఖర్చయింది. ఇద్దరికీ కలిపి మిగిలిన 200 రూపాయలు త్రిపోలియా బజారులో మనుమరాలి లక్కగాజులకు సరిపోయాయి.