క్రిస్టఫర్ వీధిలో చిన్న క్లబ్బు

న్యూయార్క్ వెళ్లినవాళ్లు ఏం చూస్తారు? లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, ఎంపైర్ స్టేట్ భవనం... నేనూ అవన్నీ చూశాను. తిరుగు ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులుందనగా, జెర్సీ సిటీలో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు అడిగాడు. 'పిన్నీ, నాకిష్టమైన చోటొకటి చూపిస్తా, వస్తావా?'

జర్నల్ స్క్వేర్‌లో 'పాత్' రైలెక్కి, హడ్సన్ నది కిందుగా వెళ్లి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగాం. ఆకాశాన్నంటే మేడలు లేవక్కడ. పాత ఇటుక ఇళ్లు, చిన్న చిన్న కొట్లు, వంకర వీధులు. 53వ నంబరు ముందు ఆగాడు. రెండంతస్తుల మామూలు భవనం, ఒకప్పుడు గుర్రాలశాలట. కిటికీలో ఎర్రటి నియాన్ అక్షరాలు... స్టోన్‌వాల్ ఇన్.

'ఇది స్వలింగ ప్రేమికుల క్లబ్బు పిన్నీ' అన్నాడు నెమ్మదిగా.

దాని కథ వింటే ఆశ్చర్యమేస్తుంది. స్వలింగ ప్రేమికులకు మద్యం పోస్తే బారు లైసెన్సు పోయే రోజులవి. ఆ అవకాశాన్ని మాఫియా వాడుకుంది. 1967లో లైసెన్సు లేకుండానే దీన్ని తెరిచి, పోలీసులకు మామూళ్లిస్తూ నడిపింది. గ్లాసులు కడగడానికి కుళాయి కూడా లేదు! వారాంతంలో 3 డాలర్లిస్తే లోపలికి పంపి, రెండు డ్రింకులకు టోకెన్లిచ్చేవారు. గుమ్మం దగ్గర పుస్తకంలో చాలామంది దొంగ పేర్లే రాసేవారు. అయినా జనం వచ్చేవారు. ఎందుకంటే, ఇద్దరు మగవాళ్లు చేతులు పట్టుకుని నాట్యం చేయగల చోటు ఊళ్లో అరుదు. ఇల్లు వదిలొచ్చిన కుర్రాళ్లకైతే అదే ఇల్లు.

లోపల ఉన్నట్టుండి తెల్ల లైట్లు వెలిగాయంటే పోలీసులొచ్చారని గుర్తు. వెంటనే నాట్యం ఆపి విడివిడిగా నిలబడాలి. 1969 జూన్ 28న, తెల్లవారితే శనివారమనగా, అర్ధరాత్రి దాటాక అలాగే దాడి జరిగింది. ఈసారి జనం చెదిరిపోలేదు, ఎదురుతిరిగారు. ఆ గొడవ కొన్ని రోజులు సాగింది. సరిగ్గా ఏడాదికి ఇక్కణ్నుంచి సెంట్రల్ పార్కు దాకా ఊరేగింపు తీశారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో, మన హైదరాబాద్‌లోనూ జరిగే ప్రైడ్ యాత్రలకు అదే మూలం.

గొడవ తర్వాత కొద్ది నెలలకే క్లబ్బు మూతపడింది. ఏళ్ల తర్వాత అదే పేరుతో మళ్లీ తెరిచారు. 2016లో ఈ ప్రాంతాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఆనాటి దాడి తప్పేనని న్యూయార్క్ పోలీసు కమిషనర్ 2019లో క్షమాపణ చెప్పారు. 50 ఏళ్లు పట్టిందన్నమాట!

లోపల హంగులేం లేవు. కాస్త చీకటి, పొడవాటి చెక్క బల్ల, బిలియర్డ్స్ ఆడుకునే బల్ల. నేను కూల్‌డ్రింకు తాగాను. నా చీరని ఎవరూ వింతగా చూడలేదు.

ఎదురుగా చిన్న పార్కు. అందులో తెల్లటి విగ్రహాలు... నిలబడ్డ ఇద్దరు మగవాళ్లు, బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు. వాళ్ల పక్కనే కూర్చున్నాం. 'నేనిక్కడికి తరచూ వస్తుంటా పిన్నీ' అన్నాడు వాడు, నా వైపు చూడకుండా. నాలుగేళ్లుగా పెళ్లిచూపులనగానే ఎందుకు మాట మార్చేవాడో అప్పుడర్థమైంది.

'అమ్మకు తెలుసా?' అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఏం చెప్పాలో తెలియలేదు. వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసి 'ఈ రోజు ఏం చూశారే?' అనడిగింది. నేను వాడి వైపు చూశాను. వాడు చెయ్యి చాచి ఫోన్ తీసుకున్నాడు. 'అమ్మా, నీకో మాట చెప్పాలి' అంటూ బాల్కనీలోకి నడిచాడు. గంటన్నర మాట్లాడారు.

ఇదంతా రాయమన్నది వాడే. చదివి సరేనన్నది మా అక్క.